రెండు డ్యూటీల నడుమ హార్మోనియం పెట్టె

(యువ దంపతుల కూడికలో చదివిన ప్రసంగ పాఠము)



“క్రైస్తవ యువ దంపతుల దినచర్య, ఉద్యోగము, వ్యాపకములు” అను అంశముపై మాట్లాడవలెనని కమిటీ వారు కబురు చేసినప్పుడు మేము కొంత భయపడినాము. మాకంటె చక్కగా కాపురము చేయుచున్నవారు మన సంఘములోనే చాలమంది ఉన్నారు. ఆ మాటే అయ్యగారితో అంటే ఆయన నవ్వి, “చక్కగా చేసేవాళ్ళకి చెప్పడానికి ఏముంటుంది? మీ ఇంట్లో జరిగేది చెప్పండి, చాలు” అన్నారు. అందులో మాకు మెప్పున్నదో మందలింపున్నదో నేటికీ తెలియలేదు.

దీనిని మేమిద్దరము కలిసి నాలుగు సాయంత్రములు కూర్చుండి వ్రాసినాము. ఒకరు వ్రాసినది మరొకరు కొట్టివేసినాము. కాబట్టి ఇక్కడ నిలుచుండి చదువుచున్నది ఒకరే అయినను మాట ఇద్దరిది. విడదీసి చెప్పవలసిన చోట “మాలో ఆయన”, “మాలో ఆమె” అని అంటాము. వినుటకు కొంత వింతగా ఉండవచ్చును గాని, మాకు ఇంతకంటె మంచి దారి తోచలేదు.

మాలో ఆయన ఆర్టీసీ డిపో గ్యారేజిలో మెకానిక్. మాలో ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ప్రసూతి వార్డులో. నర్సుల డ్యూటీలు మీలో చాలమందికి తెలిసినవే. ఉదయము 8 నుండి 2 వరకు ఒకటి, 2 నుండి రాత్రి 8 వరకు ఒకటి, రాత్రి 8 నుండి మరునాడు ఉదయము 8 వరకు ఒకటి. గ్యారేజిలో పని ఎక్కువగా రాత్రివేళనే. పగలంతా తిరిగిన బస్సులు చీకటి పడినాక డిపోకు చేరుతాయి, తెల్లవారేసరికి మళ్ళీ రోడ్డెక్కవలెను. ఆ నడుమనే బ్రేకులు, టైర్లు, ఆయిలు, గాలి లీకులు అన్నియు చూడవలెను. 2020 జనవరి 1 నుండి మన రాష్ట్రములో ఆర్టీసీవారు ప్రభుత్వోద్యోగులైనారు. జీతము వేళకు వచ్చుచున్నది. అయితే బస్సుకు మాత్రము ఆ సంగతి తెలియదు, అది పాడయ్యేది రాత్రి 2 గంటలకే.

మా వివాహము 2019 ఫిబ్రవరిలో. కాపురము పెట్టిన ఇల్లు డిపో వెనుక సందులో రెండు గదులు, ముందు ఒక వరండా. వంటగది గోడకు గుడిలో ఇచ్చిన క్యాలెండరు తగిలించినాము. ఆయన డ్యూటీలు నీలి పెన్సిలుతో, ఆమె డ్యూటీలు ఎర్ర పెన్సిలుతో దానిమీద గుర్తు పెట్టుట మొదటి నెలనుండి అలవాటయినది. ఒక నెల చివర ఊరకనే లెక్క చూచినాము. ముప్పది రోజులలో ఇద్దరము కలిసి రాత్రి అన్నము తిన్న రోజులు తొమ్మిది. అందులో రెండు రోజులు ఎవరింటనో పెండ్లి భోజనము. ఇక మిగిలినవి ఏడు.

ఆ రోజుల్లో మేము మాట్లాడుకొన్నదంతయు గిన్నెల మూతల మీద చీటీలతోనే అంటే అతిశయోక్తి కాదు. “పులుసు వేడి చేసుకోండి.” “గ్యాసు బుక్ చేశాను.” “కరెంటు బిల్లు కట్టు.” తరువాత చీటీలు పోయి ఫోనులో మెసేజీలు వచ్చినవి. వాటిలో మరియొక బాధ ఉన్నది. చీటీ చదివినవారు చదివినట్టు ఎవరికీ తెలియదు. మెసేజి చదివి జవాబియ్యకపోతే వెంటనే తెలిసిపోతుంది. మా మొదటి తగవు దీని మీదనే వచ్చినది.

వంట సంగతి ఒక మాటలో చెప్పుతాము. ఎవరు ఇంట నుంటే వారు వండుట మా ఇంటి పద్ధతి. మాలో ఆయన అన్నము, పప్పు, గుడ్డు కూర వరకు బాగుగా చేయుదురు. చేపల పులుసు మాత్రము ఆమెదే. అత్తయ్య మొదట మా ఇంటికి వచ్చినప్పుడు కొడుకు పొయ్యి దగ్గర నిలుచుండుట చూచి ఏమియు అనలేదు, కాని ఆ పూట అన్నము సగమే తిన్నారు. మూడవనాడు తామే కొడుకును పిలిచి, “ఒరే, చారులో మిరియాలు ఎక్కువ వెయ్యకు” అని చెప్పినారు. అప్పటినుండి ఆ విషయములో మాకు చింత లేదు.

కుటుంబ ప్రార్థన గురించి ఇంత సులువుగా చెప్పలేము. పెండ్లినాడు అయ్యగారు మా ఇద్దరి చేతులు కలిపి, ప్రతి రాత్రి కలిసి ప్రార్థించవలెనని చెప్పినారు. మాకు రాత్రులే లేవు గదా! కొన్నాళ్ళు ఆ మాట తలచుకొని నేరము చేసినవారివలె బాధపడినాము. తరువాత ఒకనాడు ఆమె రాత్రి డ్యూటీ ముగించుకొని 8.30కు ఇంటికి వచ్చుసరికి, ఆయన క్యారియరు చేత పట్టుకొని బయలుదేరుచున్నారు. గడపకు ఇవతల ఒకరు, అవతల ఒకరు నిలుచుండి రెండు నిమిషములు ప్రార్థించినాము. ఎదురింటి పిన్నిగారు చూచి ఏదో తగవనుకొన్నారట. మా కుటుంబ ప్రార్థన చాల కాలము ఆ గడపమీదనే జరిగినది. పాదరక్షలు విప్పినవారు ఒకరు, తొడిగినవారు ఒకరు.

ఆదివారములు కూడ అంతే. రోగులకు ఆదివారము లేదు, ప్రసవమునకు అసలే లేదు. ఆరాధనలో మేమిద్దరము పక్కపక్కన కూర్చుండునది నెలకు ఒకటి రెండు మార్లు. “ఏమిటమ్మా, గుడికి రావడం మానేశారా?” అని అడిగేవారికి మొదట్లో డ్యూటీ గురించి వివరించి చెప్పెడివారము. తరువాత నవ్వి ఊరకుండుట నేర్చుకొన్నాము. ఒక మాట మాత్రము ఇక్కడ చెప్పనిండు. ఆదివారము ఉదయము 10 గంటలకు మనమందరము గుడిలో ఉండగా, మన సంఘపు నర్సులు, కండక్టర్లు, డ్రైవర్లు, కరెంటు వారు ఎక్కడో పనిలో ఉన్నారు. హాజరు లెక్కించునప్పుడు వారిని తప్పిపోయిన గొఱ్ఱెలలో వేయవద్దని మా మనవి.

ఇక అప్పు. పెండ్లికి నాలుగు వందలమంది వస్తారనుకొంటే ఆరు వందల యాబదిమంది వచ్చినారు. అందరును మనవారే, ఎవరిని వద్దందుము? మొత్తము మీద 3 లక్షల రూపాయలు బాకీ పడినాము, నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే నెలకు 6,000 వడ్డీకే పోవును, అసలు కదలదు. ఇద్దరు ఉద్యోగస్థులు, పిల్లలు లేరు, మీకేమి లోటు అని అనువారికి ఈ 6,000 కనబడదు. కానుక కవరులో ఎంత పెట్టవలెనన్న దగ్గర మేము ఒక రాత్రంతా మాట్లాడుకొనకుండ ఉండిన సంగతి కూడ దాచము. దశమ భాగము ముందా, వడ్డీ ముందా? ఆ ప్రశ్నకు మాకు నేటికీ ఒకే జవాబు లేదు. ఆయన ఒకటి అంటారు, ఆమె మరొకటి అంటుంది. కొన్ని నెలలు ఆయన మాట చెల్లినది, కొన్ని నెలలు ఆమెది.

ఇట్లుండగా 2020 మార్చి వచ్చినది. 25 నుండి లాక్‌డౌన్. బస్సులు ఆగినవి, గుడి తలుపులు మూసినారు. మాలో ఆయనకు జీవితములో మొదటిసారి చేతికి పని లేకపోయినది. మాలో ఆమెకు ఊపిరి తీసికొను తీరిక లేకపోయినది. ఆ వేసవి తరువాత ఆమెను కొన్నాళ్ళు కోవిడ్ వార్డుకు వేసినారు. ఆ డ్యూటీ ముగిసినాక వేరుగా ఉండవలెను గనుక ఆమె లోపలి గదిలో, ఆయన వరండాలో. నడుమ తలుపు. భోజనము గడప దగ్గర పెట్టి వెనుకకు జరుగుట.

గుడి శుభ్రము చేయుటకు వెళ్ళిన అయ్యగారికి వస్త్రముల గది అటక మీద పాత హార్మోనియం కనబడినది. కీబోర్డు, ప్యాడు వచ్చినాక దానిని ముట్టుకొన్నవారు లేరు. ఎలుకలు తిత్తి కొరికివేసినవి. “పారేద్దామా, నీకేమైనా పనికొస్తుందా?” అని ఆయన అడిగితే, తోచక కూర్చున్న మాలో ఆయన సైకిలు మీద పెట్టుకొని ఇంటికి తెచ్చినారు. సంగీతము మీద ప్రేమతో కాదు. చేతికి పని కావలెను, అంతే.

హార్మోనియం లోపల చూచినవారు మీలో ఎంతమంది ఉన్నారో తెలియదు. చూడదగినది. ప్రతి మెట్టు కింద ఒక చిన్న చెక్క మూత, దానికి మెత్తని తోలు. మెట్టు నొక్కితే ఆ మూత లేచును, గాలికి దారి ఏర్పడును. ఆ దారిలో ఇత్తడి పలక, ఆ పలకకు ఒక కొన మాత్రమే బిగించిన సన్నని ఇత్తడి నాలుక. గాలి పోవునప్పుడు ఆ నాలుక అదిరి పలుకును. దానినే రీడు అంటారు. మన దేశములో రీడ్లకు పేరుపడిన ఊరు గుజరాతులోని పాలితానా. ఈ వాద్యము పుట్టినది 1840ల ఆరంభములో పారిసులో. కాళ్ళతో తొక్కెడి ఆ పెద్ద పెట్టెను నేలమీద కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించునట్లు మార్చి మనవారికి అందించినది కలకత్తా. మన గుడి పెట్టె మీది రేకు కూడ కలకత్తాదే. మన పద్యనాటకములకు, భజనలకు, గుడి పాటలకు ఇది ఇంటి బిడ్డ అయినది. 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి దీనిని తన స్టూడియోలలోనికి రానియ్యలేదు. మెట్టుకు మెట్టుకు నడుమ జారెడి గమకము ఇందులో పలకదని పెద్దల ఆక్షేపణ. ఆ ఆక్షేపణ నిజమే. అయినను ఆ ముప్పది యేండ్లు పల్లెలలో ఎవరును ఆ పెట్టెను కింద పెట్టలేదు.

తిత్తి బాగు చేయుట ఆయనకు కష్టము కాలేదు. గాలి ఎక్కడ పోవుచున్నదో కనిపెట్టుట గ్యారేజిలో రోజూ చేయు పనియే. అక్కడ గాలి గొట్టములకు సబ్బు నీరు పూసి, బుడగ లేచిన చోట లీకు అని తెలిసికొందురు. ఇక్కడ సబ్బు నీరు పనికిరాదు, చెక్క ఉబ్బును. కొవ్వొత్తి వెలిగించి తిత్తి చుట్టు తిప్పినారు. మంట వణికిన చోట పలుచని తోలు అంటించినారు. నాలుగు రోజుల్లో తిత్తి నిలిచినది. కాని మెట్లు నొక్కితే పిల్లులు పోట్లాడినట్లున్నది. ఆయనకు శ్రుతి తెలియదు. గుడిలో పాడునప్పుడు కూడ ఆయన పెదవులే కదుపుదురు, ఇది వారి అనుమతితోనే చెప్పుచున్నాము.

మాలో ఆమె ఒక పల్లెటూరి ఉపదేశిగారి కూతురు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ప్రతి పాటకు పైన రాగము, తాళము వేసి ఉండును గదా. మనలో చాలమందిమి ఆ గీతను దాటివేసి పాటలోనికి పోతాము. ఆమె నాన్నగారు మాత్రము ఆ గీత చదవనిదే పాట ఎత్తెడివారు కారు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారు మొదలుకొని ఎందరో భక్తులు మన భాషలో, మన రాగములలో పాటలు కట్టి ఇచ్చినారు, పైన రాగము పేరు ఊరకనే వేయలేదు అనెడివారు. చిన్ననాటినుండి ఆ ఇంటిలో వినివిని ఆమె చెవికి శ్రుతి అబ్బినది.

ఒక సాయంత్రము తలుపవతల నుండి ఆమె గొంతు వినబడినది. “ఏమండీ, ఆ మూడో మెట్టు కిందికి ఉంది.”

“కిందికి అంటే?”

“పెంచాలి. కొంచెమే.”

పెంచుట ఎట్లో ఆయనకు తెలియదు. నాటకములకు హార్మోనియం వాయించిన తాతగారొకరు మా ఊళ్ళో ఉన్నారు. హిందువులే, మా వీధిలో అందరికీ కావలసినవారు. ఆయన ఫోనులో చెప్పినారు. నాలుక కొనవైపు సన్నని ఆకురాయితో గీస్తే కొన తేలికయి శ్రుతి పెరుగును. బిగించిన మొదటివైపు గీస్తే మెత్తబడి శ్రుతి తగ్గును. గీయునప్పుడు నాలుక కింద పలుచని రేకు పెట్టవలెను, లేకపోతే వంగును. “ఒకసారి గీసి, వంద సార్లు విను” అని తాతగారి మాట.

అప్పటినుండి ప్రతి సాయంత్రము అదే పని. ఆయన వరండాలో గీయుట, ఆమె గదిలోనుండి వినుట. “ఇంకొంచెం.” “ఎక్కువైంది.” “ఇప్పుడు అలలు వస్తున్నాయి.” రెండు రీడ్లు కలిపి పలికించినప్పుడు వాటి శ్రుతి సరిగా కలియకపోతే శబ్దము అలలు అలలుగా ఊగును. కలిసిననాడు ఆ ఊగు ఆగిపోవును. ఆ ఆగుటను ఆమె తలుపవతలినుండి కనిపెట్టి, లోపలినుండి తలుపు మీద ఒక దెబ్బ కొట్టెడిది. సరిపోయినదని గుర్తు. పెండ్లి అయి ఏడాదిన్నర కావచ్చినది. మేము ఒకరినొకరము అంతసేపు వరుసగా విన్నది అదే మొదలు. నడుమ తలుపున్నది గాని.

కొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల పేర్లు ఆరు చోట్ల వచ్చును, ఆరు చోట్లను ఇద్దరి పేర్లు కలిసియే వచ్చును. వారి పని డేరాలు కుట్టుట. రోమునుండి వెళ్ళగొట్టబడి కొరింథుకు వచ్చి, పౌలుకు తమ ఇంట చోటిచ్చి, ముగ్గురును కలిసి కుట్టినారు. పౌలు బోధ గురించి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. ఆ దంపతులు పొద్దుగూకిన తరువాత సూది, తోలు దగ్గర పెట్టుకొని ఏమి మాట్లాడుకొనెడివారో ఎక్కడా వ్రాయబడలేదు. మాకు మాత్రము ఈ మధ్య ఆ భాగము చదివినప్పుడెల్ల ఆ కుట్టు పనియే కంటికి కనబడుచున్నది.

ఇప్పుడు చెప్పవలసినది చెప్పుటకు మాకు కష్టముగా ఉన్నది. వ్రాయవలెనా, మానవలెనా అని రెండు సాయంత్రములు ఆలోచించినాము. ఈ గదిలో మా వంటివారు మరికొందరు ఉందురని వ్రాసినాము.

2021 అక్టోబరులో, ఐదవ నెలలో, మాకు కలుగవలసిన బిడ్డ పోయినది. ఎవరి పొరపాటును కాదు. డాక్టరమ్మ గారు చేయవలసినదంతా చేసినారు. సెలవు ముగిసినాక మాలో ఆమె తిరిగి వెళ్ళినది ఆ ప్రసూతి వార్డుకే. మొదటి రోజుననే ముగ్గురు బిడ్డలను తుడిచి, గుడ్డలో చుట్టి, వారి తల్లుల చేతికి ఇచ్చినది. ఇంటికి వచ్చి ఏమియు చెప్పలేదు. ఆయన అడగలేదు. అడుగుట ఎట్లో తెలియదు. హార్మోనియం మంచము కిందనే మూడు నెలలు ఉండిపోయినది.

ఆ రోజులలో చాలమంది వచ్చినారు. ప్రేమతోనే వచ్చినారు. దేవుని చిత్తమన్నారు, ఇంకా చిన్నవారే గదా అన్నారు, మరుసటి ఏడు ఈపాటికి అని అన్నారు. ఆ మాటలు విని మేము తలలూపినాము. స్త్రీల మైత్రిలోని ఒక పెద్దమ్మగారు మాత్రము వచ్చి, ఏమియు మాట్లాడక, తిన్నగా వంటగదిలోనికి పోయి, రెండు రోజుల అంట్లు తోమి, అన్నము వార్చి, వెళ్ళిపోయినారు. నాలుగు రోజులు వరుసగా అట్లే చేసినారు. ఆమె పేరు చెప్పితే కోపగించుకొందురు.

అప్పటినుండి ప్రతి ఆదివారము గుడి బయట ఒక ప్రశ్న. “ఏమైనా విశేషమా?” అడుగువారికి అది పలుకరింపు. కాని జవాబు చెప్పవలసిన వారికి, వాకిట చెప్పులు తొడుగుకొనుచు చెప్పదగిన జవాబు ఉండదు. కొన్ని ఆదివారములు డ్యూటీ లేకపోయినను ఆ ప్రశ్నకు జడిసి ఇంటనే ఉండిపోయినాము, ఇది నిజము. పెద్దలు మన్నించవలెను. పిల్లలు ఎందుకు లేరో, ఎప్పుడు కలుగుదురో అడుగవద్దు. వేరే ఏదైనా అడుగుడి. బస్సు టైము అడుగుడి, చెప్పుతాము.

మూడు నెలల తరువాత ఒక రాత్రి ఆమె మంచము కిందనుండి పెట్టెను లాగి వరండాలో పెట్టినది. ఆయన ఏమియు అనక ఆకురాయి తెచ్చినారు. ఆ రాత్రి ఒక్క రీడు మాత్రమే సరిచేసినాము. ఆ బిడ్డను గురించి మేము మొదటిసారి మాట్లాడుకొన్నది ఆ రీడు బిగించునప్పుడే. ఎదురెదురుగా కూర్చుండి ముఖము చూచుకొని మాట్లాడలేనిది, ఇద్దరి కన్నులు ఒక ఇత్తడి ముక్క మీద ఉన్నప్పుడు మాట్లాడగలిగినాము. అది ఎందుకట్లో మాకు తెలియదు.

2022 ఈస్టరు నాటికి పెట్టె గుడికి చేరినది. అంతవరకు బాగున్నది. అక్కడినుండి మేము చేసిన తెలివితక్కువ పని చెప్పవలెను.

పాట బాగుండుట విని పక్క పాస్టరేటువారు తమ పెట్టె తెచ్చినారు. తరువాత రెండు పల్లె సంఘములు. తరువాత ఒక భజన సమాజమువారు. ఒక సంగీతపు దుకాణమువారు, “నెలకు నాలుగు పెట్టెలు మేమే పంపుతాం” అన్నారు. పెట్టెకు 2,500 రూపాయలు. మాకేమో నెలకు 6,000 వడ్డీ. లెక్క కుదిరినది. దేవుడే దారి చూపినాడని గడపమీద స్తుతి చెల్లించినాము కూడ! నాలుగు నెలలలో పదకొండు పెట్టెలు వచ్చినవి. వరండాలో మూడు, మంచము కింద రెండు, వంటగదిలో బియ్యపు డబ్బా మీద ఒకటి. క్యాలెండరు మీద నీలి గుర్తు, ఎర్ర గుర్తు గాక నల్ల గుర్తులు వచ్చినవి. ఏ పెట్టె ఏ తేదీకి ఇయ్యవలెనో ఆ నల్ల గుర్తులు చెప్పును.

ఒకనాడు ఆమె రాత్రి డ్యూటీ నుండి వచ్చినది. ఆ రాత్రి వార్డులో తొమ్మిది ప్రసవములు. చెప్పులు విప్పక ముందే ఆయన, “ఇది ఒక్కటి విను, మధ్యాహ్నం వాళ్ళు వస్తారు” అన్నారు. ఆమె గడపమీదనే కూర్చుండిపోయి, “ఏమండీ, ఇది నాకు మూడో షిఫ్టు అయింది” అన్నది. తరువాత ఇద్దరము చాల మాటలు అనుకొన్నాము. డబ్బు గురించి, అత్తయ్య గురించి, ఎవరు ఎవరిని ఎక్కువ కష్టపెట్టుచున్నారన్న దానిగురించి. ఆ మాటలు ఇక్కడ వద్దు. ఆ రోజు గడపమీద ప్రార్థన జరుగలేదు.

ఆ వారములోనే ఆరు పెట్టెలు బాగు చేయకయే తిరిగి ఇచ్చివేసినాము. సిగ్గుగానే ఉండినది. బయానా తీసికొన్న వారికి ఆ బయానా తిరిగి ఇచ్చినాము. ఒక సంఘపు పెద్దగారు, “దేవుని పనికి కూడా తీరిక లేదంటారా?” అన్నారు. ఆ మాట చాల రోజులు గుచ్చుకొన్నది. ఆయనకు అప్పుడు ఏమియు చెప్పలేకపోయినాము. ఇప్పుడైనను ఏమి చెప్పవలెనో సరిగా తెలియదు. గుడి పెట్టె బాగుచేయుట దేవుని పనియే. కాని ఆ గంట మాది. డ్యూటీ కాదు, ఆదాయము కాదు, నిజము చెప్పవలెనంటే పరిచర్య కూడ కాదు. ఆ గంట మాకు మిగిలియున్నది గనుకనే డ్యూటీకి పోగలుగుచున్నాము, గుడికి రాగలుగుచున్నాము.

అప్పటినుండి ఇంట ఒక పెట్టె ఉండగా రెండవది తీసికొనము. రీడ్లకు, తోలుకు అయిన ఖర్చు తప్ప ఏమియు పుచ్చుకొనము. తేదీ చెప్పము. ఈ మూడవ దానికి చాలమంది విసుగుకొని వేరేచోటికి పోయినారు, అది మాకు మేలే అయినది. వడ్డీ మాట ఏమైనదందురా? ఆయన డ్యూటీ పైని అదనపు పనులు, ఆమె కట్టిన చీటీ, అత్తయ్య ఇచ్చిన రెండు గాజులు కలిసి 2024లో అసలు తీరినది. గాజులు ఇంకను మరల చేయించి ఇయ్యలేదు. ఇయ్యవలెను.

మేము చెప్పునది హార్మోనియం గురించి అని అనుకొనవద్దు. మా తోటి దంపతులలో ఒకరు మిద్దెమీద టబ్బులలో వంగ, బెండ పెంచుచున్నారు. ఒకరు ఇద్దరును కలిసి చేపలు పట్టుటకు కాలువ గట్టుకు పోవుదురు. ఒక జంట ప్రతి గురువారము క్యారమ్సు ఆడి, ఓడినవారు గిన్నెలు తోముదురు. వీటిని చూచి, కాలము వ్యర్థము చేయుచున్నారని పెద్దలు కొందరు అనగా విన్నాము. మా అనుభవము చెప్పినాము, అంతే. ఫోను మాత్రము ఈ లెక్కలో చేరదు. ఒకే మంచము మీద కూర్చుండి రెండు ఫోనులు చూచుట ఇద్దరు చేయు పని కాదు, ఒక్కొక్కరు చేయు పని. ఇది కూడ మేము చేయుచున్న తప్పే, మానలేదు.

ఇప్పుడు మా వరండాలో ఒక పల్లె సంఘమువారి పెట్టె ఉన్నది. తిత్తి బాగున్నది, రీడ్లు బాగున్నవి, నాలుగవ మెట్టు మాత్రము నొక్కితే లేవదు. పది రోజులుగా చూచుచున్నాము. తేమకు చెక్క ఉబ్బినదని ఆయన అంటారు. స్ప్రింగు అలసినదని ఆమె అంటుంది. నేడు ఇక్కడ ఇద్దరము కలిసి నిలుచుండుటకు ఆమె స్నేహితురాలు ఒకరు తన సెలవు మానుకొని డ్యూటీ మార్చుకొన్నారు, వారికి మా వందనములు. రాత్రి 8 గంటలకు ఆమె వార్డులో ఉండవలెను. 5.15 బస్సు దొరికితే, ఆ మెట్టు విప్పి చూచుటకు ఒక గంట మిగులును. కాబట్టి మీరు టీ తాగునప్పుడు మేము కనబడకపోతే మరొకలాగున తలంపవద్దు.